అమెరికాలో లా స్కూల్: డిపాజిట్ కట్టే ముందు వేసుకోవాల్సిన లెక్కలు

పోయిన మార్చిలో ఒక రాత్రి పదకొండు దాటాక మా బాబాయి కూతురు ఫోన్ చేసింది. "అక్కా, ఆరు లా స్కూళ్లలో సీటొచ్చింది. నాన్న ర్యాంకు పైనున్న చోట చేరమంటున్నాడు, అమ్మ ఇంటికి దగ్గరున్న చోట చేరమంటోంది. నాకేమీ తోచట్లేదు, ఒకటే టెన్షన్" అంది.

స్కూళ్ల పేర్లు తర్వాత చెప్పమన్నాను. "చదువయ్యాక ఏ ఊళ్లో ఉంటావు? పొద్దున్నే లేచి ఏ పనికి వెళ్తావు?" అని అడిగాను. అవతల కాసేపు మాట లేదు. "అంత దూరం ఇంకా ఆలోచించలేదక్కా" అంది.

2010లో నేనూ ఆలోచించలేదు. మా ఇంట్లో అందరిదీ సాఫ్ట్‌వేరే. లాయర్ ఎలా అవుతారో, ఏ స్కూల్‌లో ఏం చూడాలో చెప్పే మనిషి చుట్టాల్లో ఒక్కరూ లేరు. ఇప్పుడు నేను మిడ్‌వెస్ట్‌లో ఒక కౌంటీలో పబ్లిక్ డిఫెండర్‌ని. లాయర్‌ని పెట్టుకునే స్థోమత లేని ముద్దాయిల తరఫున వాదించే ప్రభుత్వ లాయర్‌ని అన్నమాట. ఈ పనంటే నాకు ప్రాణం. కానీ ఇక్కడికి చేరడానికి, కాస్త తెలిసుంటే కట్టక్కర్లేని డబ్బు చాలా కట్టాను. ఆ రాత్రి చెల్లికి చెప్పినవీ, తర్వాత రెండు వారాలు ఇద్దరం కూర్చుని వేసిన లెక్కలూ ఇవి. డిగ్రీ అయ్యాక మూడేళ్ల జేడీ, అంటే ఇక్కడ లాయర్ కావడానికి చదివే డిగ్రీ, చదవాలనుకునే వాళ్ల కోసం రాస్తున్నాను. ఇండియాలో లా చదివి ఇక్కడ ఎల్‌ఎల్‌ఎం చేయాలనుకునే వాళ్ల సంగతి పూర్తిగా వేరు.

ముందు ఉద్యోగం, ఆ తర్వాతే స్కూల్

అమెరికన్ బార్ అసోసియేషన్, అందరూ ఏబీఏ అంటారు, గుర్తించిన లా స్కూళ్లు దాదాపు 200 ఉన్నాయి. వీటిలో ప్రతి స్కూలూ తన విద్యార్థులు పాసై పది నెలలయ్యేసరికి ఎక్కడెక్కడ ఏం చేస్తున్నారో ఏటా లెక్క చెప్పి తీరాలి. దాన్ని ఎంప్లాయ్‌మెంట్ సమ్మరీ రిపోర్ట్ అంటారు. స్కూల్ వెబ్‌సైట్‌లోనూ ఉంటుంది, ఏబీఏ సైట్‌లోనూ ఉంటుంది. రెండు పేజీలు, బోలెడన్ని అంకెలు. రంగురంగుల బ్రోచర్లన్నీ పక్కన పెట్టి ముందు ఇది చదవండి.

అందులో మొదట చూడాల్సింది బార్ లైసెన్స్, అంటే లాయర్‌గా పని చేయడానికి రాష్ట్రం ఇచ్చే అనుమతి, తప్పనిసరైన ఉద్యోగాలు ఎన్ని అన్నది. వాటిలోనూ పూర్తికాలం, కనీసం ఏడాది ఉండేవి ఎన్నో చూడండి. దాని పక్కనే "జేడీ అడ్వాంటేజ్" అని ఇంకో వరస కనిపిస్తుంది. లా చదువు పనికొస్తుంది గానీ లైసెన్స్ అక్కర్లేని ఉద్యోగాలవి. కొన్ని నిజంగా మంచివే. కానీ కోర్టులో నిలబడాలన్న కోరికతో చేరేవాళ్లు ఈ రెండు వరసలనూ కలిపి చూడకూడదు. "మా వాళ్లలో తొంభై శాతానికి పైగా ఉద్యోగాల్లో ఉన్నారు" అని ఏ స్కూలైనా అంటే, ఆ అంకెలో ఏమేం కలిపారో విడదీసి చూడండి. స్కూలే సొంత డబ్బుతో ఇచ్చే తాత్కాలిక ఉద్యోగాలు విడిగా చూపిస్తారు, అవి ఎన్నున్నాయో కూడా చూడండి.

తర్వాత ఆఫీసు సైజుల వరస. ఒకరి నుంచి పదిమంది లాయర్లున్న ఆఫీసులతో మొదలై 501 మందికి పైన ఉన్న సంస్థల దాకా విడివిడిగా ఉంటుంది. ఆ కింద ప్రభుత్వం, పబ్లిక్ ఇంట్రెస్ట్, జడ్జీల దగ్గర చేసే క్లర్క్‌షిప్‌లు. చివర్లో ఎక్కువమంది ఉద్యోగాలు చేస్తున్న మూడు రాష్ట్రాల పేర్లుంటాయి. నా దృష్టిలో ఆ పేజీ మొత్తంలో అసలైన మాట అదే. యేల్, స్టాన్‌ఫర్డ్, హార్వర్డ్ లాంటి కొద్ది స్కూళ్ల పేరు దేశమంతటా చెల్లుతుంది. మిగతా స్కూళ్లలో ఎక్కువ వాటి పలుకుబడి ఆ చుట్టుపక్కల రాష్ట్రాల్లోనే. మా కౌంటీ కోర్టులో జడ్జీలు, ప్రాసిక్యూటర్లు, మా ఆఫీసు వాళ్లు ఎక్కువమంది ఇక్కడి స్టేట్ యూనివర్సిటీలోనే చదివారు. తూర్పు తీరంలో దానికన్నా ముప్పై ర్యాంకులు పైనున్న స్కూల్‌లో చదివొచ్చిన కుర్రాడు మా ఊళ్లో తొలి ఇంటర్వ్యూ కోసం మాలో ఎవరికన్నా ఎక్కువ తిరిగాడు. వాడి తెలివికేం తక్కువ లేదు, ఇక్కడ వాణ్ని ఎరిగినవాళ్లు లేరంతే.

జీతాల సంగతీ దీంతోనే ముడిపడి ఉంది. కొత్త లాయర్ల జీతాలు గ్రాఫ్ గీస్తే ఒక గుట్ట కాదు, రెండు గుట్టలు వస్తాయి. పెద్ద నగరాల్లోని పెద్ద సంస్థల్లో మొదటి ఏడాది జీతం 2,25,000 డాలర్లు. 2023 చివరి నుంచి ఆ అంకె నడుస్తోంది. రెండో గుట్ట చాలా కింద ఉంటుంది: చిన్న ఆఫీసులు, కౌంటీలు, రాష్ట్ర ప్రభుత్వాలు. మధ్యలో ఉండేవాళ్లు తక్కువ. కాబట్టి "సగటు జీతం" అన్న మాటను నమ్ముకుని అప్పు చేయకండి. ఆ సగటు చుట్టూ ఉన్న జీతం దాదాపు ఎవరికీ రాదు.

మన ఇళ్లల్లో కంప్యూటర్ సైన్స్, ఎలక్ట్రికల్, బయోటెక్ చదివిన పిల్లలు ఎక్కువ కాబట్టి ఒక మాట. పేటెంట్ ఆఫీసు పరీక్ష రాయాలంటే సైన్సో ఇంజనీరింగో చదివి ఉండాలి. ఆ పరీక్షకు లా డిగ్రీ అక్కర్లేదు కూడా. పాసైతే పేటెంట్ ఏజెంట్‌గా, అంటే పేటెంట్ దరఖాస్తులు తయారుచేసి వేసే మనిషిగా, పని చేసుకోవచ్చు. అందుకే ముందు ఏజెంట్‌గా కుదురుకుని, సాయంత్రం క్లాసుల్లో నాలుగేళ్లకు జేడీ పూర్తి చేసేవాళ్లున్నారు. జార్జ్‌టౌన్, ఫోర్డమ్, జార్జ్ వాషింగ్టన్ యూనివర్సిటీల్లో అలాంటి ఈవినింగ్ ప్రోగ్రాములున్నాయి. జీతం ఆగదు, అప్పు తగ్గుతుంది. ఈ దారి ఉందని నాకు ఆ వయసులో ఎవరైనా చెప్పుంటే కనీసం ఆలోచించేదాన్ని.

డబ్బు

దీని గురించి ఎక్కువ రాస్తాను. నేను దెబ్బ తిన్నది ఇక్కడే.

నాకు రెండు ఉత్తరాలు వచ్చాయి. ఒకటి మా రాష్ట్రంలోని స్కూల్ నుంచి, చిన్న స్కాలర్‌షిప్‌తో. రెండోది పక్క రాష్ట్రం నుంచి, ఏడాదికి 18,000 డాలర్ల స్కాలర్‌షిప్‌తో. రెండో దాంట్లో కింద చిన్న అక్షరాల్లో ఒక వాక్యం: జీపీఏ 3.0కి తగ్గకూడదు. బ్యాచిలర్స్‌లో నాది 3.7. మూడు దాటలేనా అనుకుని సంతకం పెట్టేశాను.

లా స్కూల్ మార్కులు కాలేజీ మార్కుల్లా ఉండవు. మొదటి ఏడాది కాంట్రాక్ట్స్, టార్ట్స్, సివిల్ ప్రొసీజర్, క్రిమినల్ లా, ప్రాపర్టీ లాంటి సబ్జెక్టులు అందరికీ ఒకటే. చాలా క్లాసుల్లో సెమిస్టర్ చివర ఒక్క పరీక్షే. పేపర్లు దిద్దాక అందరి మార్కులనూ ఒక సగటు చుట్టూ సర్దుతారు. అదే కర్వ్. మా స్కూల్‌లో ఆ సగటు 2.85. అంటే క్లాసులో సగానికి పైగా ఎంత చదివినా 3.0 అందుకోలేని ఏర్పాటది. నాకు 2.94 వచ్చింది. జూన్‌లో రెండు వాక్యాల ఈమెయిల్‌తో స్కాలర్‌షిప్ పోయింది. మిగిలిన రెండేళ్లకు 36,000 డాలర్లు అదనంగా అప్పు చేశాను. అమ్మకు చెప్పడానికి నాకు రెండు వారాలు పట్టింది.

అప్పట్లో ఈ లెక్కలు స్కూళ్లు బయటపెట్టేవి కావు. ఇప్పుడు బయటపెట్టాలి. ఏబీఏ నిబంధన ప్రకారం ప్రతి స్కూలూ ఏటా డిసెంబర్‌లో "509 రిపోర్ట్" ఇస్తుంది. ఫీజు ఎంత, బతకడానికి అయ్యే ఖర్చు ఎంతని అంచనా, ఎంతమందికి స్కాలర్‌షిప్ ఇస్తున్నారు, మధ్యలో ఎంతమంది మానేశారు, అన్నీ అందులో ఉంటాయి. కండిషనల్ స్కాలర్‌షిప్‌లని ఒక పట్టిక ఉంటుంది: ఎంతమంది షరతుతో చేరారు, వాళ్లలో ఎంతమందికి తగ్గింది లేదా పోయింది. ఆ పట్టిక ఖాళీగా ఉన్న స్కూల్ అంటే నాకు గౌరవం. అంకెలుంటే, మొదటి ఏడాది కర్వ్ సగటు ఎంతో స్కూల్‌కి రాసి అడగండి. షరతు సగటు కన్నా ఎక్కువుంటే, ఆ స్కాలర్‌షిప్ ఒక్క ఏడాదికే వస్తుందనుకుని లెక్క వేసుకోండి. "మా అమ్మాయి తెలివైంది, ఎందుకు పోతుంది?" అనుకోవద్దు. అక్కడ చేరినవాళ్లందరూ వాళ్ల ఇళ్లల్లో తెలివైన పిల్లలే.

ఇప్పుడు లోన్లు. 2026 జూలై 1 నుంచి రూల్ మారింది. అంతకుముందు గ్రాడ్ ప్లస్ అనే ఫెడరల్ లోన్‌తో స్కూల్ చెప్పిన ఖర్చంతా అప్పు తెచ్చుకునే వీలుండేది. కొత్తగా అప్పు చేసేవాళ్లకు ఇక అది లేదు. లా విద్యార్థులకు ఫెడరల్ లోన్ ఏడాదికి 50,000 డాలర్లు, మొత్తం మీద 2,00,000 డాలర్లకు మించి రాదు. పైన కావాల్సింది బ్యాంకుల దగ్గర ప్రైవేట్ లోన్‌గా తెచ్చుకోవాలి. దానికి చాలాసార్లు తల్లిదండ్రుల పూచీ సంతకం అడుగుతారు.

చెల్లి దగ్గరున్న ఆరింటిలో రెండింటిని పక్కపక్కన పెట్టాం. ఒకటి ర్యాంకు పైనున్నది, స్కాలర్‌షిప్ లేదు: ఫీజు, అద్దె, తిండి కలిపి ఏడాదికి లక్ష డాలర్లు. రెండోదానికి స్కాలర్‌షిప్ పోను ఏడాదికి 44,000. వడ్డీ ఎనిమిది శాతం అనుకున్నాం. ఇక్కడ చాలామంది మరిచిపోయే సంగతి, గ్రాడ్యుయేట్ చదువుల ఫెడరల్ లోన్ మీద చదివేటప్పుడు కూడా వడ్డీ నడుస్తూనే ఉంటుంది. డబ్బు చేతికొచ్చిన రోజు నుంచే. అలా చూస్తే పాసయ్యేనాటికి మొదటి స్కూల్ అప్పు 3,48,000, రెండోది 1,53,000. పదేళ్లలో తీర్చాలంటే నెల కిస్తీ మొదటిదానికి 4,200 దాటుతుంది, రెండోదానికి 1,850 చుట్టూ ఉంటుంది. ఏడాదికి 70,000 జీతమొచ్చే ప్రభుత్వ లాయర్‌కి పన్నులు పోను నెలకు చేతికొచ్చేది దాదాపు 4,500. మొదటి అంకె కాగితం మీద రాయగానే చెల్లి పెన్ను కింద పెట్టేసింది.

పెద్ద సంస్థలో ఉద్యోగం గట్టిగా వచ్చే స్కూలైతే మొదటి అప్పు కూడా తీరుతుంది, కాదనను. అందుకే ఎంప్లాయ్‌మెంట్ రిపోర్ట్ ముందు చదవమన్నాను. 501 మందికి పైనున్న సంస్థల వరసలో క్లాసులో సగం మంది కనిపిస్తే ఒక లెక్క, పదిమందిలో ఒకరు కనిపిస్తే ఇంకో లెక్క. ఆ ఒక్కరం మనమే అవుతామని మూడున్నర లక్షలు పందెం కాయకండి.

ప్రభుత్వ ఉద్యోగం, లాభాపేక్ష లేని సంస్థలు అనుకునేవాళ్లకు పీఎస్ఎల్ఎఫ్ ఉంది. 2007 చట్టంతో వచ్చిన లోన్ మాఫీ. అర్హత ఉన్న ఉద్యోగంలో, ఆదాయాన్ని బట్టి కిస్తీ ఉండే ప్లాన్‌లో 120 నెలల కిస్తీలు కడితే మిగిలింది రద్దు. నాది 2024లో మాఫీ అయింది. దీనికి రెండు జాగ్రత్తలు. ఒకటి, ఇది ఫెడరల్ లోన్లకే; ప్రైవేట్ లోన్ పైసా కూడా మాఫీ కాదు. కాబట్టి ఈ దారిలో వెళ్లేవాళ్లు ఏడాది ఖర్చు 50,000 దాటని స్కూల్ వెతుక్కోవడం ఇప్పుడు ఇదివరకటి కన్నా ముఖ్యం. రెండు, ఉద్యోగం ధ్రువీకరణ ఫారం ప్రతి ఏడాదీ పంపండి, కట్టిన ప్రతి కిస్తీకీ కాగితం దాచండి. నా లోన్ చూసే కంపెనీ ఏడు నెలల కిస్తీలు లెక్కలో వేయలేదు. కాగితాలన్నీ నా దగ్గరుండబట్టి సరిచేయించుకోగలిగాను. స్కూల్‌కి సొంతంగా ఎల్‌ఆర్‌ఏపీ, అంటే తక్కువ జీతం పనులు ఎంచుకున్నవాళ్ల కిస్తీలకు సాయం చేసే పథకం, ఉందేమో కూడా కనుక్కోండి.

మన కుటుంబాలకు ఇంకో చిక్కు. హెచ్‌4 మీద పెరిగిన పిల్లలకు 21 నిండగానే ఆ స్టేటస్ పోతుంది. లా స్కూల్ వయసుకి చాలామంది ఎఫ్1, అంటే విద్యార్థి వీసా, మీద ఉంటారు. వాళ్లకు ఫెడరల్ లోన్ రాదు, కాబట్టి పీఎస్ఎల్ఎఫ్ కూడా లేనట్టే. ఫెడరల్ ప్రభుత్వ ఉద్యోగాలు చాలావరకు పౌరులకే. ఇలాంటి పిల్లలు స్కాలర్‌షిప్ నికరంగా ఇచ్చే స్కూల్‌నే ఎంచుకోవాలని నా గట్టి అభిప్రాయం. ఇంటి మీద అప్పు తెచ్చి పేరున్న స్కూల్‌కి పంపుదామనుకునే తండ్రులుంటే, పాసయ్యాక వీసా స్పాన్సర్ చేసే సంస్థలు అక్కడికి ఎన్ని వస్తాయో స్కూల్ కెరీర్ ఆఫీసును ముందే అడగండి.

అడిగితే పెరుగుతుంది

స్కాలర్‌షిప్ ఉత్తరంలో ఉన్న అంకె ఆఖరిది కాదు. యేల్, హార్వర్డ్, స్టాన్‌ఫర్డ్ అవసరాన్ని బట్టే సాయం చేస్తాయి, మార్కులను బట్టి ఇవ్వవు. మిగతా స్కూళ్లలో చాలావాటితో మాట్లాడొచ్చు. ఎందుకంటే ర్యాంకుల్లో స్కూల్ మధ్యస్థ ఎల్‌శాట్ (లా స్కూల్ ప్రవేశ పరీక్ష) స్కోరుకి విలువుంది. ఎల్‌శాట్ 120 నుంచి 180 దాకా ఉంటుంది; ఒక స్కూల్‌లో చేరినవాళ్ల మధ్యస్థ స్కోరు ఎంతో 509 రిపోర్ట్‌లోనే కనిపిస్తుంది. మీ స్కోరు దానికన్నా ఎక్కువైతే మీరు వాళ్లకు కావాలి. అందుకే రెండు మూడు పాయింట్లు పెరుగుతాయన్న నమ్మకముంటే ఒక ఏడాది ఆగి మళ్లీ రాయడం నష్టమేమీ కాదు. గంట లెక్కన చూస్తే ఆ చదువుకి వచ్చినంత డబ్బు మీకు ఏ పార్ట్‌టైమ్ పనిలోనూ రాదు.

చెల్లి రాసిన ఈమెయిల్ ఆరు వాక్యాలు. మీ స్కూల్‌లోనే చదవాలని ఎందుకు ఉందో రెండు వాక్యాలు, ఫలానా స్కూల్ ఇంత ఇస్తోందని ఒక వాక్యం, ఉత్తరం జత చేశానని ఒకటి, మళ్లీ పరిశీలించగలరా అని ఒకటి, కృతజ్ఞతలు. బెదిరింపు లేదు, బతిమాలడం లేదు. తొమ్మిది రోజులకు ఏడాదికి 7,000 పెంచారు. అప్పుడు రెండో ఈమెయిల్ రాయించాను: "దీనికి జీపీఏ షరతు ఏమీ లేదని రాతపూర్వకంగా చెప్పగలరా?" చెప్పారు. దాన్ని పీడీఎఫ్‌గా దాచింది.

అక్కడ మూడేళ్లు బతకాలి కదా

స్కూల్ చూడ్డానికి వెళ్తే అడ్మిట్ అయినవాళ్లకు పండగలా జరిపే రోజున కాకుండా మామూలు మంగళవారం వెళ్లండి. మొదటి ఏడాది క్లాసులో వెనక కూర్చోనివ్వమని అడగండి. తర్వాత టూర్ చూపించే విద్యార్థిని వదిలేసి, లైబ్రరీ బయట ఉన్న రెండో ఏడాది వాళ్లను పలకరించండి. "పోయిన సమ్మర్‌లో ఎక్కడ పని చేశారు? ఎలా దొరికింది?" అని అడిగితే కెరీర్ ఆఫీసు పనితనం తెలిసిపోతుంది. "నోట్స్ పోతే ఎవరిని అడుగుతారు?" అని కూడా అడగండి. వెంటనే ఒకరి పేరు చెప్పారంటే ఆ క్లాసు వాళ్లు ఒకరికొకరు తోడుగా ఉన్నట్టు. మా స్కూల్‌లో ఎవరి గది వాళ్లదే, ఎవరి నోట్స్ వాళ్లవే. మొదటి చలికాలం నాకు ఇప్పటికీ గుర్తే. నాలుగున్నరకే చీకటి, ఇంట్లో నేనొక్కదాన్నే, మార్కులు ఎవరితోనూ చెప్పుకోలేను. మీకు మనుషులు కావాలా, ఎండ కావాలా, కారు లేకుండా తిరిగే ఊరు కావాలా, ముందే ఆలోచించుకోండి. ఇవి విలాసాలు కావు, వీటి ప్రభావం మార్కుల మీద పడుతుంది.

అమ్మానాన్నలతో ఉండి చదివితే ఏడాదికి ఇరవై వేలకు పైనే మిగలొచ్చు. కానీ నవంబర్, డిసెంబర్‌లో ఇంట్లో పెళ్లిళ్లు, ఫంక్షన్లు, ఎయిర్‌పోర్ట్ డ్రాపులు మీ మీద పడకుండా ఉంటాయా? పడవని ఇంట్లోవాళ్లు మాటిస్తే ఇంటికి దగ్గరి స్కూల్ చాలా మంచి బేరం. చెల్లి వాళ్లమ్మతో ఈ మాట నేనే మాట్లాడాను.

బార్ పరీక్ష గురించి క్లుప్తంగా: ప్రతి స్కూల్ బార్ పాస్ శాతం కూడా బయటే ఉంటుంది, మొదటిసారి రాసినవాళ్ల శాతాన్ని ఆ రాష్ట్రపు సగటుతో పోల్చండి. విస్కాన్సిన్‌లో రెండు స్కూళ్లవాళ్లకు, యూనివర్సిటీ ఆఫ్ విస్కాన్సిన్‌కీ మార్క్వెట్‌కీ, ఆ రాష్ట్రంలోనే ఉండేట్టయితే బార్ పరీక్షే రాయకుండా లైసెన్స్ ఇస్తారు. అక్కడే స్థిరపడాలనుకునేవాళ్లకు అది చిన్న సంగతి కాదు.

మూడేళ్లయ్యాక ఏ పనికి వెళ్తావన్న ప్రశ్నకు చెల్లి జవాబు మార్చి ఆఖరికి వచ్చింది: రాష్ట్ర ప్రభుత్వంలో, పర్యావరణ కేసులు. ఆరింటిలో నాలుగు వాటంతటవే పక్కకు పోయాయి. ఏడాదికి 7,000 పెంచిన స్కూల్‌లో డిపాజిట్ కట్టింది.

జూలైలో, తనను వెయిట్‌లిస్ట్‌లో పెట్టిన ఒక పెద్ద స్కూల్ నుంచి ఫోన్ వచ్చింది. ఒక్కరోజు టైమిచ్చారు. అలాంటి ఫోన్ మీకూ రావొచ్చు, వస్తే ఔననే ముందు అడగాల్సింది ఒకటే, చెల్లి అదే అడిగింది: "స్కాలర్‌షిప్ ఎంతిస్తారు? ఈమెయిల్‌లో పంపగలరా?" ఈ ఏడాది డబ్బు అయిపోయిందన్నారు. థాంక్స్ చెప్పి పెట్టేసి, నాకు మెసేజ్ పెట్టింది: "అక్కా, అద్దె అగ్రిమెంట్ సంతకం పెట్టేస్తున్నా."